మంజీర ఒడ్డున నర్సమ్మ తొవ్వ

చిక్కడపల్లిలో నాకు ముక్కు మీద కోపం అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లంతా నా దగ్గర సైకిలు బాగు చేయించుకున్నవాళ్లే. నా పేరు ప్రహ్లాద్. లైబ్రరీకి దగ్గర్లోని గల్లీలో ఇరవై ఎనిమిదేళ్లుగా సైకిళ్ల దుకాణం నడుపుతున్నాను. ఏడాది పాటు చైనుకు చుక్క నూనె పోయకుండా తొక్కి, చప్పుడొస్తోందన్నా అంటూ వచ్చే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మండదా మరి? కడుపుకు పెట్టకుండా పని చేయమంటే మనిషైనా చప్పుడు చేస్తాడు.

అలాంటి నేను నోరెత్తలేకపోయిన కస్టమర్ ఒక్కతే. కమలాకుమారి. అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది, అరవై మూడేళ్లు. మొదటిసారి ఆమె సైకిలు తోసుకుంటూ దుకాణానికి వచ్చినప్పుడు తిట్టడానికి ఏం దొరుకుతుందా అని అటూ ఇటూ వెతికాను. ముప్పై ఏళ్ల నాటి లేడీస్ సైకిలు. చైను శుభ్రంగా ఉంది, బ్రేకులు పట్టినచోట పడుతున్నాయి, బెల్లు ఖంగుమంటోంది. ఆమెకు కావలసింది ఒక్క టైరు. వెనక క్యారియర్ మీద మాత్రం ఎక్కడా చూడని ఇనుప చట్రం ఒకటి వెల్డింగ్ చేసి ఉంది. ఇదేంటని అడిగితే టీకాల డబ్బా పెట్టుకోవడానికి అంది.

అట్లా తెలిసింది ఆమె నర్సు అని. ఆసుపత్రి నర్సు కాదు, ఊళ్లు తిరిగే నర్సు. మెదక్ వైపు, మంజీర ఒడ్డున చింతరేవు అనే ఊళ్లో సబ్‌సెంటర్. దాని కింద ఆరు ఊళ్లు. పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరితే, అక్కడ బస్సు ఒక్క ఊరికే వస్తుందని తెలిసింది. మిగతా ఐదింటికీ నడకే. నడిచి పోయేసరికి డబ్బాలో మంచు కరిగిపోయేదట. అందుకని సైకిలు నేర్చుకుంది. నేర్చుకునే రోజుల్లో రెండుసార్లు కాలువలో పడింది. చీర కట్టుకుని సైకిలు తొక్కే నర్సమ్మను చూడడానికి జనం పనులు మానుకుని గట్ల మీద కూర్చునేవారు. ఆరు నెలలకు చూసీ చూసీ విసుగొచ్చి వాళ్లే లేచిపోయారు. ఆ తర్వాత ముప్పై ఆరేళ్లు, బుధవారం శనివారం టీకాలు, తక్కినరోజుల్లో గర్భిణులు, బాలింతలు, జ్వరాలు. రిటైరయ్యాక అశోక్‌నగర్ వచ్చి హాస్టల్ పెట్టింది. పన్నెండు మంది పిల్లలు, అందరూ గ్రూప్స్ కోసం చదివేవాళ్లే. పొద్దున ఐదున్నరకే చాయ్ పెట్టి అందరినీ లేపుతుంది. ఎవరికి జ్వరం వచ్చినా ఆమె చెయ్యి నుదుటి మీద పడ్డాకే థర్మామీటరు బయటికొస్తుంది.

ఇక గేర్ల సైకిళ్ల సంగతి. ఈమధ్య బర్కత్‌పుర నుంచి, నారాయణగూడ నుంచి కొందరు ఆదివారం సైకిలు బృందం అని పెట్టుకున్నారు. శశాంక్ అనే కుర్రాడు వాళ్లకు పెద్ద. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకరోజు ఆ బృందంలోని ఆరుగురు మౌంటెన్ బైకులతో నా దుకాణం ముందు దిగారు. మనిషి పిక్కంత లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు. ఇవేసుకుని ఎక్కడికి పోతారయ్యా అంటే, ట్యాంక్‌బండ్ అన్నారు. నాకు మండింది. కొండలెక్కే సైకిలు కొని ట్యాంక్‌బండ్ మీద ఐస్‌క్రీము బండ్ల మధ్య తొక్కుతారా అని అడిగేశాను. శశాంక్ తల గోక్కుని, మంచి తొవ్వ దొరకట్లేదు అంకుల్, ఎక్కడ చూసినా లారీలే అన్నాడు.

అప్పుడే కమలాకుమారి హాస్టల్లోని నవనీత కోసం గాలి పంపు అడగడానికి వచ్చింది. అంతా విని, ఇంత లావు టైర్లయితే ఇసుకలో దిగబడవు కదా అంది. దిగబడవు ఆంటీ అన్నాడు వాడు. ఆమె ముఖం చేటంతయింది. స్టూలు లాక్కుని కూర్చుని, నా బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి గీయడం మొదలుపెట్టింది.

అదీ ఒక మ్యాపేనా అంటే, నేను చూసినవాటిలో అంత మంచి మ్యాపు లేదు. దాంట్లో రోడ్ల పేర్లు లేవు, మనుషులున్నారు. కవలలు పుట్టిన ఇల్లు దాటగానే కుడికి. కుక్క కరిచినవాళ్ల బాయి దగ్గర దిగి నడవాలి, అక్కడ బురద. కాలువ కట్ట మీద రెండు కిలోమీటర్లు కళ్లు మూసుకుని పోవచ్చు. శశాంక్ పాపం, ఇది ఫోన్లో ఎట్లా ఎక్కించాలి ఆంటీ అని అడిగాడు. మంజీర ఒడ్డున కొండ కాదు కదా, ఎత్తైన గడ్డివాము కూడా లేదని నేను వెక్కిరించాను. కొండలెందుకు, గట్లు చాలవా అంది ఆమె.

మొత్తం మూడు తొవ్వలు గీసింది. చిన్నది కాలువ కట్ట వెంట తొమ్మిది కిలోమీటర్లు. నడిమిది మామిడి తోటల్లోంచి, చెరుకు తోటల్లోంచి పదహారు. పెద్దది ఇరవై మూడు కిలోమీటర్లు, ఊళ్లన్నీ చుట్టి ఏటి ఒడ్డు వెంటే మళ్లీ చింతరేవుకు చేరుతుంది. పెద్దదాన్ని గీస్తూ గీస్తూ ఒకచోట పెన్ను ఆపింది. ఇక్కడ ఒక కిలోమీటరు మనది కాదు, మొగిలయ్య పొలం అంది. ఆ కిలోమీటరు దొరక్కపోతే ఇసుక లారీలు తిరిగే రోడ్డెక్కి ఐదు కిలోమీటర్లు చుట్టి రావాలి. లారీల నుంచి తప్పించుకుందామని పోయి లారీల కిందే పడడం అన్నమాట.

అడిగితే పోలేదా అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి లేచిపోయింది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ప్రతిసారీ ఈ వారం పోయి అడుగుతానంటుంది, పోదు. ముప్పై ఆరేళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇళ్లలోకి దూరి టీకాలేసిన మనిషికి ఒక రైతుతో మాట్లాడడానికి ఇంత భయమేంటని మూడో వారం నేను గట్టిగానే అరిచాను. అప్పుడు చెప్పింది.

ఇరవై నాలుగేళ్ల కిందటి మాట. మొగిలయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. మగపిల్లాడు పుట్టేదాకా ఆగనని ఊరంతా చెప్పుకునేవాడు. కూలీకి బొంబాయి పోయి ఎనిమిది నెలలకు తిరిగొచ్చేసరికి భార్య పెంటమ్మకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి ఉంది. నర్సమ్మ తన కేసుల లెక్క కోసం బలవంతంగా తీసుకుపోయి చేయించిందని అతని చెవిన పడింది. పొలం గుండా పోయే తొవ్వకు ఆ రోజే ముళ్లకంప అడ్డం వేశాడు. ఆ రోజు నుంచి ఆమె ముఖం చూడలేదు. ఎదురుపడితే పక్క గట్టు దిగిపోయేవాడు. రిటైరయ్యేదాకా ఆమె ఆ పొలం అవతలి చివరి ఊరికి లారీల రోడ్డు మీదనే పోయింది. ఒకసారి లారీ గాలికి పడి చెయ్యి విరిగింది కూడా.

నిజంగా బలవంతంగా చేయించావా అక్కా అని అడిగాను. చేయించిన అని చెప్పింది, అంతే. నాకేమో నమ్మబుద్ధి కాలేదు. హాస్టల్లో పిల్లకు మాత్ర వేయాలన్నా మూడుసార్లు అడిగే మనిషి ఆమె.

"నాకు తొవ్వ ముచ్చట కాదు తమ్మీ. ఇరవై మూడు కాకపోతే పదహారు తొక్కుతరు. ఆయన ఒక్కసారి నా ముఖం చూడాలె. గదే నాకు కావాలె."

ఆ మాట విన్నాక నేనే ఆదివారం ఖాయం చేశాను. లేకపోతే ఈ జన్మకు తేలదు.

శనివారం ఆమె, నవనీత తమ సైకిళ్లు బస్సు మీదికి ఎక్కించి ముందే పోయారు. తొవ్వ గుర్తులు పెట్టాలి కదా, సంచిలో చాక్‌పీసుల డబ్బా. మేము ఆదివారం చీకటితోనే ఒక ట్రాలీ ఆటోలో సైకిళ్లేసుకుని బయల్దేరి, ఏడింటికల్లా చింతరేవు బడి ముందు దిగాం. కార్తీకం. వరికోతలు సగం అయ్యాయి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి మీదికి చక్రం పోనిచ్చినవాణ్ని నేనే తంతానని బృందానికి ముందే చెప్పి ఉంచాను. కమలాకుమారి తన పాత సైకిలు మీద సిద్ధంగా ఉంది, కొంగు నడుముకు దోపి. కంప దగ్గరికి వచ్చాక అందరూ ఆగాలి, అటు మీదికి నేనొక్కదాన్నే పోయి అడుగుతాను అంది. నవనీత సైకిలు ముందు సాగింది, నేను పంక్చరు సామానుతో చివర.

నా వయసు యాభై ఆరు. సైకిళ్లు అమ్మడమే తప్ప ఊరు దాటి తొక్కి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. కాలువ కట్ట ఎక్కాక తెలిసింది ఏం పోగొట్టుకున్నానో. ఒక పక్క నిండుగా నీళ్లు, ఒక పక్క కోసిన మడుల్లో కొంగలు. మెత్తటి మట్టి మీద చక్రం పోతుంటే చప్పుడే లేదు. చెరుకు తోటల మధ్య సందులో దూరితే ఆకులు రెండు భుజాలకూ తగులుతూ తియ్యటి పచ్చివాసన. హెల్మెట్లు చూసి కోతకొచ్చిన ఆడవాళ్లు కొడవళ్లు ఆపి మరీ నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకు ఎంత హాయిగా ఉందో. చిక్కడపల్లిలో ఎవరైనా ఆ సమయంలో నన్ను చూసి ఉంటే గుర్తుపట్టేవారు కాదు.

రెండో ఊళ్లో మొదలైంది తమాషా. మొదటి ఇంటి అరుగు మీద ఒక తల్లి పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్లకు మొహం కడిగి పౌడరు రాసి ఉంది. పక్కింటి ముందు ఇంకొకామె, ఆమె చంకలో ఒకడు. ఆ పక్కన ముసలమ్మ, కవలల్లాంటి ఇద్దరు మనవలతో. శశాంక్ ఆగగానే మొదటామె పిల్ల గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. వాడు బిత్తరపోయి నా వైపు చూశాడు. సుక్కలెయ్యరా అని అడిగింది ఆమె. ఏం చుక్కలమ్మా అన్నాన్నేను. పోలియో సుక్కలు, నిన్న గోడ మీద గీసిపోతిరి గద అంది.

గోడ చూశాను. తెల్లని చాక్‌పీసుతో బాణం గుర్తు. దాని పక్కన అంకె, కింద తారీఖు. ప్రతి ఇంటికీ ఉంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సైకిళ్ల వాళ్లకు తొవ్వ చూపడానికి మలుపుకొక బాణం చాలు. కానీ కమలాకుమారి చేతికి చాక్‌పీసు ఇచ్చి గోడ ముందు నిలబెడితే ఆ చెయ్యి ఊరుకుంటుందా? పోలియో రోజుల్లో ఇంటింటికీ అంకె, తారీఖు, పక్కింటి వైపు బాణం గీసి గీసి అరిగిపోయిన చెయ్యి. గీసేటప్పుడు అంకెలెందుకు ఆంటీ అని నవనీత అడిగిందట కూడా. గుర్తన్నాక అంకె ఉండాలి బిడ్డా అందట ఆమె. ఊళ్లు ఆమె చెయ్యిని గుర్తుపట్టాయి. నర్సమ్మ మళ్లీ వచ్చింది, రేపు చుక్కలు అని రాత్రికి రాత్రి కబురు పాకిపోయింది.

విషయం తెలిసి కమలాకుమారి తల కొట్టుకుంది. ఇంటింటి ముందూ సైకిలు దిగి, తప్పయిందమ్మా, చుక్కల రోజు ఇంకా రాలేదు అని చెప్పుకుంటూ పోయింది. ఎవరూ కోప్పడలేదు. నువ్వు కనపడితివి, అదే చాలు అని పట్టుకుని కూర్చోబెట్టబోయారు. ఒకామె, నువ్వే పురుడు పోసిన పిల్ల అంటూ ఇరవయ్యేళ్ల అమ్మాయిని తెచ్చి ముందు నిలబెట్టింది. శశాంక్ దగ్గరున్న చాక్లెట్లన్నీ ఆ ఊళ్లోనే అయిపోయాయి. నాలుగో ఊరు దాటేసరికి ఎండ ఎక్కింది, మేము మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాం.

చివరి ఊరు దాటాక ఏటి ఒడ్డు తగిలింది. అక్కడొక చిన్న కల్వర్టు. దాని గోడ మీద కూడా బాణం ఉంది. అది లారీల రోడ్డు వైపు లేదు. నేరుగా మొగిలయ్య పొలం వైపు చూపిస్తోంది. కంప వేయకముందు ఆమె తిరిగే చివరి ఇల్లు అదేనట. చెయ్యి దానంతట అదే గీసేసింది. చూసుకుని కొంగుతో తుడిచిందట గానీ సరిగా పోలేదు.

కంప అడ్డం లేదు. పక్కకు లాగి కుప్పేసి ఉంది. తొవ్వ మధ్యలో ఒక మనిషి, ఎత్తుగా, తెల్లటి పంచె. చంకలో రెండేళ్ల పాప. పాపకు కొత్త గౌను, తడిపి దువ్విన జుట్టు. అతనే మొగిలయ్య అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పాప చిన్న కూతురి బిడ్డ. పోయినసారి పోలియోవాళ్లు కంప చూసి వెనక్కి పోయారట, పాపకు చుక్కలు పడలేదు. అందుకని ఈసారి కల్వర్టు మీది బాణం చూసి, తెల్లారకముందే లేచి తనే కంప లాగేశాడు.

చుక్కలేసేవాళ్లు ఏరి అని నవనీతను అడిగాడు. ఆ పిల్ల తల దించుకుంది. వెనకనుంచి కమలాకుమారి వచ్చి సైకిలు దిగింది. ఆమెను చూడగానే అతని ముఖం గోడలా అయిపోయింది.

"సుక్కల్లేవు మొగిలయ్యా. గా గీతలు నేను గీసినయ్. సైకిళ్లకు తొవ్వ తెలువాలని గీసిన. నాదే తప్పు."

అతను పాపను కిందికి దించాడు. వంగి కంప కొమ్మ ఒకటి పట్టుకున్నాడు. దాన్ని మళ్లీ తొవ్వకు అడ్డంగా ఈడుస్తూ అన్నాడు.

"అప్పుడు ఒకపారి మోసం చేస్తివి. ఇప్పుడు మల్ల మోసమేనా?"

నాకు రక్తం తలకెక్కింది. నోరు తెరిచాను కూడా. కమలాకుమారి నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తల వంచుకుని నిలబడింది. ఇంత మంది ముందు ఎందుకు పడుతోంది ఈ మనిషి అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఇంట్లోంచి పెంటమ్మ వచ్చింది. సన్నటి మనిషి, చేతులకు తడి పిండి. ఎంతసేపటి నుంచి వింటోందో. నేరుగా వచ్చి ఈడుస్తున్న కొమ్మ మీద చెప్పుకాలు పెట్టి తొక్కి పట్టింది.

"ఆమె ఏం మోసం చెయ్యలే. ఆపరేషన్ నేనే అడిగిన. నీ పెనిమిటి వచ్చినంక అడిగి చేయించుకో అని రెండుసార్లు వాపస్ పంపింది. మూడోసారి కాళ్లు పట్టుకున్న. నా పేరు చెప్పకు, నీ మీద ఏసుకో అన్న. ఏసుకున్నది."

మొగిలయ్య కొమ్మ వదల్లేదు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇంట్ల ఉండనిస్తుంటివా?"

పెంటమ్మ కళ్లు తుడుచుకోలేదు. ఇరవై నాలుగేళ్లు కడుపులో పెట్టుకున్నానని, ఇక తన వల్ల కాదని మెల్లగా అంది. పాప ఏమనుకుందో ఏమో, పోయి తాత పంచె పట్టుకుంది. అతను పాప తల మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత తలెత్తి చూశాడు. పెంటమ్మను కాదు, కమలాకుమారిని.

"నువ్వన్న చెప్పాలె గద నర్సమ్మా. లారీల రోడ్డు మీద చెయ్యి ఇరగ్గొట్టుకుంటివి."

"ఆమె చెప్పొద్దన్నది మొగిలయ్యా."

అంత మామూలుగా అంది ఆమె ఆ మాట. ఒకరు చెప్పొద్దంటే చెప్పకపోవడం పెద్ద విషయమే కానట్టు. చేయించిన అని నా దుకాణంలో ఎందుకంత పొట్టిగా చెప్పిందో నాకప్పుడు అర్థమైంది. ఆ ఇల్లు నిలవడం కోసం చెప్పని మాటను నాకు మాత్రం ఎందుకు చెబుతుంది?

పాపకు చుక్కలెప్పుడని అడిగాడు మొగిలయ్య. సోమవారం సబ్‌సెంటరు సిస్టరుతో మాట్లాడతాను, తారీఖు కనుక్కుని నేనే వస్తానంది. అతను తల ఊపాడు. తర్వాత చేతిలోని కొమ్మను తొవ్వకు అడ్డంగా కాకుండా, ఏటి గట్టు దాకా ఈడ్చుకుపోయి కిందికి తోసేశాడు. తిరిగొచ్చి కుప్పలోంచి ఇంకోటి అందుకున్నాడు. ముళ్లు చేతులకు గీరుకుంటున్నాయి. శశాంక్, ఇంకో ఇద్దరు సైకిళ్లు పడేసి సాయం చేయడానికి పరుగెత్తారు. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు జరుగుండ్రి. నేనే ఏసిన, నేనే తీస్త."

చివరి కొమ్మ పోయేదాకా కమలాకుమారి సైకిలు పట్టుకుని నిలబడే ఉంది. అప్పుడు ఎక్కింది. పొలం మధ్యలోంచి, ఏటి పక్కనుంచి, మెల్లగా పోయింది. కళ్లు తుడుచుకుంటోందని వెనకనుంచి చూసినా తెలుస్తోంది. శశాంక్ పెడల్ మీద కాలు పెట్టబోతే నేను వాడి హ్యాండిల్ పట్టుకుని ఆపాను. ఆమె మలుపు దాటేదాకా మాలో ఒక్కరు కూడా ఆ తొవ్వ ఎక్కలేదు.